మూడో మూల

సిరొంచలో మార్చి.
నా దహావీ పరీక్షకు ఇంక పదకొండు రోజులు.
గోడ మీద బొగ్గుగీతలు
రోజుకొకటి చెరిపేస్తడు తమ్ముడు,
పగోని లెక్క.

మరాఠీల చదువుత,
తెలుగుల మర్చిపోత.
త్రికోణానికి రెండు భాషలల్లా మూడు మూలలే,
అయినా మూడోది ఎన్నడూ దొరకదు నాకు.

కోడి కూయకముందే పోసక్కవ్వ
తట్ట నెత్తికెత్తి "నడువ్" అంటది.
పుస్తకమో? అంటే,
"అదేడికి పోతది? పూలైతే మేకలు తింటయి."

ఇప్పచెట్ల కింద చీకటంతా తీపివాసన.
టప్.
మళ్లా టప్.
ఒంగి ఏరుతుంటే
తలల ముడిపడ్డ సూత్రాలు ఒక్కొక్కటే జారి
ఎటో పోయినయి.
భయమేసింది. కొంచెంసేపే.
ఇంతల తేలు తేలని అవ్వ ఎగిరింది,
చూస్తే ఎండుపుల్ల.
ప్రాణహిత అవతలి ఒడ్డుకు వినబడేటట్టు
నవ్వినం ఇద్దరం.

ఎండెక్కినంక కూసున్న పదిహేడో లెక్క ముంగట.
వేళ్లు బంకబంక, పేజీలు అంటుకున్నయి.
మెల్లగ విడదీస్తే
మూడో మూల ఆడనే ఉన్నది,
జరంత పసుపుగ.

మిగిలిన ఆరు లెక్కలు రాలే.
అంబలి తాగి
తమ్ముని పక్కన
మధ్యాహ్నం దాంక పండుకున్న.