ఏడున్నర మీటర్లు

టేపుకు రెండు కొసలుంటయి.
లెక్క ఉన్న కొస సారు చేతుల,
సున్న ఉన్న కొస నా చేతుల.
పంతొమ్మిదేండ్ల సంది
సున్నను పట్టుకొనే నిలబడ్డ.

హన్మకొండల గోపాలపురం దిక్కు,
నాలా పొంటి సర్కారు తుమ్మలు కొట్టేసిన జాగ.
కిరాయికిచ్చేటందుకు ఐదంతస్తులు,
నలభై ఎనిమిది ఇండ్లు, ఒక లిఫ్టు.
నోటీసు అంటించింది నేనే.
మైదపిండి చిక్కగ కలిపిన,
ఒక మేకొచ్చి కింది సగం నాకిపోయింది.
'అభ్యంతరాలు' అన్న మాట గోడకు మిగిలింది,
'సూచనలు' మేక కడుపులకు పోయింది.

శనివారం కమ్యూనిటీ హాలు.
కుర్చీలు చాలక కొందరు గోడకు ఒరిగిన్రు.
రిటైరైన లెక్చరర్ మురహరి సారు కాగితం విప్పిండు:
"కిరాయిదార్లొస్తే మన కాలనీ పోతది."
ఎటు పోతదో చెప్పలే.
ఒకాయన బండ్లన్నడు, ఒకాయన బోరు నీళ్లన్నడు,
ఇంకొకాయన 'బ్యాచిలర్లు' అన్నడు,
అన్నంల రాయి తగిలినట్టు.
స్వరాజ్యలక్ష్మమ్మ మాత్రం
మూడు దాటినంక తన డాబా మీద నీడ ఎంత పడ్తదో
స్కేలు పెట్టి గీసి తెచ్చింది,
వడియాలు ఎక్కడ ఎండబెడ్తదో చుక్కలు పెట్టి.
నాకు ఆ ఒక్క అభ్యంతరం నచ్చింది.

బిల్డరు తరఫు పిలగాడు తెర మీద చెట్లు చూపిచ్చిండు.
అన్ని చెట్లూ ఒకటే చెట్టు.

"ఇంకెవరన్న ఉన్నరా?" అన్నడు సారు.
ఎనుకనుంచి ఒకామె లేచింది.
ఎంజీఎంల ఆయా, పేరు అజ్మత్ బీ.
"సార్, నేను గీ కాలనీదాన్ని గాను.
రాత్రి డ్యూటీ దిగి మామునూరు దాంక పోవాలె.
పదమూడేండ్లల్ల తొమ్మిది ఇండ్లు మారిన.
ఆ నలభై ఎనిమిదిట్ల ఒకటి
ఎంతకిస్తరో అడుగుదామని వచ్చిన."

హాలు నవ్వింది.
సారు కలం గాలిల ఆగింది.
ఆమె మాట ఏ గడిల రాయాలె?
ఫారంల రెండే గడులు: అభ్యంతరం ఉన్నది, లేదు.
సంతకం పక్కన ఇంటి పన్ను నంబరు కావాలె.
ఆమెకు లేదు.
నాకూ లేదు, నన్నెవరూ అడగలే.

సోమవారం పొద్దున కొలతలు.
చెప్పులిడిసి నాలా ఒడ్డుకు దిగిన.
ఆ ఏడు వానకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయో
ప్రహరీ మీద గీత ఇంకా ఉన్నది,
నా ఛాతీ కాడికి.
ఒడ్డు నుంచి తొమ్మిది మీటర్లు ఇడిసిపెట్టాలె.
తుమ్మకంపకు అవతల సారు
నేను కనబడక అరిచిండు: "అంచు మీదనే ఉన్నవా?"

అంచు మీదనే ఉన్న.
మూడడుగులు, కాదు, ఐదడుగులు
నీళ్లల్లకు జరిగితే తొమ్మిదైతది.
ఎవరు చూస్తరు?
మురహరి సారు మొఖం గుర్తొచ్చింది, ఒక కాలు దించిన.
బురద చల్లగ పట్టుకున్నది.
కింది అంతస్తుల మంచం మీద
డ్యూటీ దిగి పండుకున్న ఆమె గుర్తొచ్చింది,
మంచం కోళ్లకు నీళ్లు.
కాలు తీసిన.
"అంచు మీదనే సార్."
"ఏడున్నర," అన్నడు, రాసుకున్నడు.

ఫైలు వాపసు పోయింది.
కాలనీల లడ్డూలు పంచిన్రు,
తాము చెప్పినందుకే ఆగిందనుకొని.
నాకొకటి పెట్టిన్రు. తిన్న.
నెయ్యి మంచిదే.

మొన్న కొత్త ప్లాను వచ్చింది.
నాలాకు ఎడం జరిగి, ముప్పై ఆరు ఇండ్లు.
పోయిన పన్నెండు ఎవరివో
ఏ పటంల చూసినా దొరకలే.
మళ్ల నోటీసు, మళ్ల అదే గోడ.
ఈసారి మైదపిండి పలుచగ కలిపిన,
కింది సగం మీద అరచేత్తో రెండుసార్లు రుద్దిన.
అజ్మత్ బీకి చెప్పాలె తారీఖు.
ఆ రోజు ఆమె ఫోన్ నంబరు
ఏ గడిలనూ రాయలే మేము.