తెల్లమాత్ర

మా అత్త ఎస్తేరమ్మ క్రిస్మసు ద్రాక్షరసాన్ని
టేకు తెడ్డుతో కలిపేది.
ఆ తెడ్డు వయసు ఆమెకే తెలీదు.
దాని పగుళ్లలో పాత డిసెంబర్లన్నీ
నల్లగా, సన్నగా దాక్కుని ఉండేవి.
పోయినేడు అవే లేచొచ్చాయి.
జాడీ మూత తియ్యగానే ముక్కు మండింది.
పదిహేను కిలోల ద్రాక్ష
పచ్చళ్లకి పనికొచ్చే పులుపైపోయింది.
(పచ్చళ్లకీ పనికిరాలేదు. నేనే ఒప్పుకోలేదు.)

ఈసారి తోడు నేను పెడతానన్నాను.
పెరుక్కి పెట్టినట్టే, అత్తా.
ముందు కాసిని తియ్యనీళ్లలో ఈస్టుని లేపి
గాలి తగిలేలా తిప్పుతూ
ఒక రోజు పెంచి, బలం వచ్చాక జాడీలోకి దించాలి.
"రోజంతా తిప్పడానికి మనిషెవరే?"

మా మరిది ఇమ్మానియేలుకి ఆ ప్రశ్న చాలు.
రైల్వే క్వార్టరు వరండాలో
చచ్చిన కంప్యూటరు ఫ్యాను విప్పాడు,
దాని నడినెత్తిన రెండు అయస్కాంతాలు అతికించాడు,
మిఠాయి డబ్బాలో బిగించాడు.
"చూడొదినా, నూటయాభైలో అయిపోనాది!"
బఠాణీగింజంత అయస్కాంతాలు. తళతళ.
జిగురింకా ఆరలేదు.
ఫ్యాను గిర్రుమంది. ఒకటి ఎగిరి
సోఫా కిందకి పోయింది.
మూడేళ్ల కెజియా దాని వెనకే పాకింది.

నేను కేజీహెచ్‌లో పిల్లల వార్డు నర్సుని.
ఒక ఎక్స్‌రే ఉంది నా కళ్లలో, ఎంత కడిగినా పోదు:
పెందుర్తి నుంచి తెచ్చిన పిల్లాడు,
పొట్టలో రెండు తెల్లచుక్కలు
ఒకదాన్నొకటి వెతుక్కుని
మధ్యలో పేగు ఉందని చూడకుండా
అతుక్కుపోయాయి.
బతికాడు. కుట్లు పదకొండు.
ఇదేమీ చెప్పలేదు ఇమ్మానియేలుకి.
ఫ్యాను ఆపి, చీపురు తెచ్చి,
ఎగిరింది దొరికేదాకా ఎవర్నీ టీ తాగనివ్వలేదు.

మర్నాడు డ్యూటీ దిగి మహారాణిపేట సందులో
ల్యాబు సామాన్ల కొట్టుకెళ్లాను.
అసిరయ్యగారు ముప్పయ్యేళ్లు కాలేజీలో గాజు కడిగిన మనిషి,
ఇప్పుడు గాజు అమ్ముతున్నాడు.
మూడు యంత్రాలు బల్లమీద పెట్టాడు.
మొదటిదానికి కింద వేడిపళ్లెం.
"ఈస్టుకి జ్వరమెందుకమ్మా? ఎవరో మీట తిప్పితే
మొత్తం ఉడికిపోద్ది."
రెండోదాని తీగ చివర రెండే కాళ్లు.
"ఎర్తు లేదు. మన ఉప్పుగాలికి ఇనుమే చెమర్చి ఉంటాది.
తడిచేత్తో ముట్టుకున్నావంటే..."
మాట పూర్తి చెయ్యలేదు.
మూడోది బొద్దుగా, నిమ్మళంగా ఉంది. ఖరీదెక్కువ.

తర్వాత దూదిమీద పెట్టి చూపించాడు కలిపే కడ్డీ.
తెల్లగా, నున్నగా, రెండు కొసలూ గుండ్రంగా.
"పూత ఎక్కడన్నా లేచిందేమో తడిమి చూడు.
లేస్తే లోపలి తుప్పంతా నీ కుప్పెలోకే."
బొటనవేలితో చూశాను, నరం వెతికినట్టు.
గరుకు లేదు.
కానీ అచ్చం మాత్ర.
"పెద్దది ఇవ్వండి, చిటికెనవేలంత.
ఏ చిన్న గొంతూ దిగనిది."
ఎందుకని అడగలేదాయన. ఇచ్చాడు.

మందపు గాజుకుప్పె. మరగకాచి చల్లార్చిన పంచదార నీళ్లు.
మూతికి వెండికాగితం, వదులుగా,
బిగిస్తే లోపలి ఊపిరి తన్నుకొస్తుంది.
మీట కొంచెం తిప్పాను.
కడ్డీ టకటకలాడి, దారి తెలుసుకుని, సద్దుమణిగింది.
నీళ్ల నడుమ చిన్న సుడి.
అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది,
తెడ్డు ఒళ్లో పెట్టుకుని.
చాలాసేపటికి అంది:
"బీచిలో అల వెనక్కెళ్లేటప్పుడు
కాళ్ల కింద ఇసక ఇలాగే తిరుగుతాది."

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
కుప్పె మెడ పట్టుకుని మణికట్టుతో తిప్పాను,
ఆపరేషనైన పిల్లని పక్క మార్చినంత మెల్లగా.
ఓడరేవు వైపు ఏదో ఓడ కూత.
ఎంతసేపో తెలీదు. చెయ్యి లాగింది.

తెల్లారి అడుగున మీగడరంగు మడ్డి.
జాడీలోకి వంచేముందు
బయట్నుంచి అయస్కాంతం ఆనించి కడ్డీని పట్టాను.
కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి,
క్యాలెండరు వెనక రాశాను:
కడ్డీ ఒకటి. ఇమ్మానియేలు అయస్కాంతాలు రెండు,
తాళం వేసిన బీరువాలో.
కోత కుట్టేముందు గుడ్డముక్కలు లెక్కపెడతామే, అలా.

"అదేంటమ్మా?" అంది కెజియా.
"మాత్ర కాదు," అన్నాను.
తను అడిగినదానికి జవాబు కాదది.