మంచం ఇచ్చినోడు

మా ఇంటాయనకు ఉర్దూ రాదు.
పూణేల గోడలు కట్టేటప్పుడు
మేస్త్రి తిట్లల్ల కలిసొచ్చిన
రెండు మూడు ముక్కలు తప్ప.

అసొంటి కుర్వ బీచుపల్లి
పీర్ల పండుగ తొమ్మిదో రాత్రి
ఉశేని పీరును భుజానికెత్తుకున్నడంటే
ఆ నోట్లకెళ్లి వొచ్చే మాటకు
ముజావర్ మైబుసాబు సుత తల వంచేటోడు.

గొర్ల వెంట తిరిగి వంగిన మెడ
గెడె లెక్క నిలవడేది.
పరంజి మీదికెళ్లి పడ్డనాటి ఎడమకాలు కుంటు
అలావ చుట్టు తిరిగినంత సేపు
ఏడ దాసుకునేదో.
నిప్పులు తొక్కొస్తే
అరికాలికి బూడిద అంటేది, బొబ్బ కాదు.

ఊరోళ్లు వాన అడిగేటోళ్లు.
బొంబాయి పోయినోడు ఎప్పుడొస్తడని
కాశమ్మ ఏటేటా అడిగేది.
నేను మలీద పళ్లెం పట్టుకొని
పీర్ల చావిడి గోడకు ఆనుకొని
ఒక్కటే చూసేదాన్ని:
ఈయన లోపలికి ఆయనొచ్చిండు, సరే.
మరి ఈయన ఏడికి పోయిండు?

పన్నెండేండ్లు పక్కన పండినదాన్ని.
ఇంట్ల చెంబు కనవడకుంటేనే
ఎతుకుతం గద.

బయట ఇడిచిన చెప్పులల్ల చూసిన.
మడత పెట్టిన తువ్వాలల చూసిన,
చెమట వాసనున్నది, మనిషి లేడు.
కందికట్టె మోపు పక్కన పన్న కుక్క
నన్ను జూసి తోకాడిస్తే
"ఏందయ్యా, గీడున్నవా?" అన్న.
అది మల్లోసారి ఆడిచ్చింది.
నవ్వకుండ్రి.

ఒక ఏడు, వాముల గడ్డి పోచ లేని ఏడు,
నాకే ఏందో అయింది.
పీరు ఆయన మీదికొచ్చిన గడియల్నే
నా ఎడమకాలు గుంజింది.
నాకు తెల్వకుంటనే నా చెయ్యి
రొండిల బీడీకట్ట కోసం తడిమింది.
మా చెల్లె పెనిమిటి తిమ్మప్పను చూడంగనే
పదిహేను నూర్ల బాకీ యాదికొచ్చి
కడుపు మండింది.
ఆ బాకీ సంగతి నాకెన్నడు ఎవలు చెప్పలే.

తెల్లారి అడిగిన.
"తిమ్మప్పకు పైసలిచ్చినవా?"
ముద్ద నోటికాడ ఆగింది.
"నీకెవలు చెప్పిన్రు?"
"నువ్వే."
ముద్ద పళ్లెంల పెట్టి
గొర్ల దొడ్డి దిక్కు లేచిపోయిండు.

నా పేరు ఉశేనమ్మ.
మా అమ్మ ఆ పీరుకు మొక్కి నన్ను కన్నది.
ఆ అధికారంతోనే మరుసటేడు
అందరి ముంగట నిలదీసిన:
"దేవా, నువ్వొచ్చినప్పుడల్ల
మావోన్ని ఏడికి తోలుతున్నవు?"
డప్పులు ఆగినయి.
పీరు ఉర్దూల ఏందో అన్నడు,
మెల్లగ,
మా ఆయన నాతోని ఎన్నడు మాట్లాడనంత మెల్లగ.

మైబుసాబు భార్య జైనబీ అక్క
చెవుల చెప్పింది మతలబు:
"తోలుడేంది పిల్లా.
ఒక్క అర్ర ఇల్లాయె.
సుట్టమొస్తే మంచమిచ్చి
తాను బయట బండమీద పంటడు.
గంతే."

నాలుగేండ్లాయె.
మక్తల్ దవాఖానల ఒక రాత్రి
ఎవలొచ్చిన్రో అంత పెద్ద సుట్టం,
మంచమిచ్చినోడు మల్ల లోపలికి రాలే.

పిట్టకు పెడితే ముట్టదాయె.
మాంసం పెట్టిరి, కల్లు పోసిరి,
బీడీ అంటిచ్చి పెట్టిరి.
ఎండ నడినెత్తికొచ్చింది.
తిమ్మప్ప నీళ్లు నమిలి
"ఇస్త వదినా, యాసంగి పంటకు ఇస్త" అన్నడు.
కాకి దిగింది.

ఇప్పుడు ఉశేని పీరు
ఎంకటప్ప చిన్నకొడుకు మీదికొస్తున్నడు.
డిగ్రీ చదివిన పిల్లగాడు.
మొన్న అలావ మండంగ చూసిన:
ఆని పెండ్లాం, మెడల పసుపుతాడు పచ్చిగనే ఉన్నది,
చావిడి గోడకు, నేను ఆనుకున్న జాగలనే ఆనుకొని
నిప్పుల దిక్కు కాదు, పీరు దిక్కు కాదు,
కింద, మెట్ల కాడ చూస్తున్నది.

దగ్గరికి పోయి నిలబడ్డ.
"చెప్పులల్ల చూడకు బిడ్డా," అన్న.
"నేను చూసిన."