కంచె మీది కొమ్మ

చెట్టు ఉషాంగీది.
కొమ్మ మాది.
కొమ్మకి ఆ సంగతి తెలియదు.
మే నెల రాగానే కంచె మీదుగా ఒళ్లు విరుచుకుని
మా కోళ్లగూటి రేకు మీద
టప్‌మని ఒక పచ్చి ప్లమ్ కాయ జారవిడుస్తుంది.
ఆ చప్పుడికి మా అత్త లమారా
చేతిలో ఏ పనున్నా వదిలేసి లేస్తుంది.
"మా పెరట్లో పడింది మాదే" అంటుంది,
ఎవరూ అడగకుండానే.

పదకొండేళ్లుగా ఆ ఇంటితో మాటల్లేవు.
జానెడు నేల కోసమట.
కాదు, ఒక మేక కోసం.
అడిగినప్పుడల్లా కారణం మారుతుంది,
కోపానికి మాత్రం మూత బిగించే ఉంచింది.

కుటాయిసిలో మూడో అంతస్తు పిల్లని నేను.
త్కెమాలి అంటే కొట్లో అమ్మే సీసా అనుకునేదాన్ని.
ఇక్కడికొచ్చాక తెలిసింది, అది ఒక వారం పేరని.
కాయ గింజ ముదరకముందే కోయాలి,
కొరికితే చెవుల వెనక జివ్వుమనాలి.
అడుగున చారెడు నీళ్లు,
తొక్క చిట్లేదాకా సన్నమంట,
తర్వాత జల్లెడలో చెక్క గరిటెతో
భుజం నొప్పెట్టేదాకా రుద్దడం.
గింజలు పైన మిగులుతాయి,
చిలకపచ్చ గుజ్జు కిందికి దిగుతుంది.
వెల్లుల్లి, కొత్తిమీర, సోయికూర, పచ్చిమిర్చి.
చివర్న ఓంబాలో.

ఓంబాలో పుదీనాకి దూరపు చుట్టం,
కాస్త కోపిష్టి.
తడి కాలవ పక్కన తప్ప బతకదు.
కాలవ మా వైపుంది.

ప్రతి ఏడూ ఆ వారంలో
ఏదో ఒక పొద్దున ఓంబాలో మడిలో ఒక గుప్పెడు మాయం.
వంగి చూశాను. ఏటవాలుగా, నున్నగా, కత్తి కోత.
"మేక తినేసినట్టుంది" అంది అత్త.
మాకు మేక లేదు.
ఏప్రిల్ మొదలు ఆవిడ ముందుగా నీళ్లు పోసేది
కంచెకి ఆనుకున్న ఆ మడికే,
టమాటా నారు ఎండలో తల వాల్చినా సరే.

ఫిబ్రవరిలో ఉషాంగీ నిచ్చెనేసుకుని
చెట్టంతా కత్తిరిస్తాడు,
అన్ని వైపులా, క్షవరం చేసినంత శ్రద్ధగా.
ఒక్క కొమ్మ దగ్గరికి రాగానే దిగిపోతాడు.
మోకాళ్ల నొప్పి కాబోలు
అనుకున్నాను మొదటి మూడేళ్లూ.

ఈసారి పూత మీద మంచు పడింది.
ఒక్క రాత్రి.
తెల్లారేసరికి లోయ పొడుగునా
పూలన్నీ తడిసిన కాగితాలైపోయాయి.
మా రొట్టెల పొయ్యి గోడ వెచ్చదనం తగిలి
బతికింది ఆ ఒక్క కొమ్మే.
రెండు బకెట్లు. అంతే.

అత్త ఆ ఏడు పాటలేవీ పాడకుండా వండింది.
నాలుగు సీసాలొచ్చాయి,
పైన నూనె పొర పోసి బిరడాలు బిగించింది.
ఒకటి తీసుకెళ్లి కంచె గుంజ మీద పెట్టింది.
"ఎండ తగలాలి దానికి" అంది.
ఎప్పుడూ నేలమాళిగ చీకట్లో దాచే మనిషి.

చీకటి పడేసరికి సీసా లేదు.
మూడో రోజు పొద్దున అదే గుంజ మీద
కడిగి, ఆరబెట్టిన సీసా.
లోపల ఎర్ర చారల చిక్కుడు గింజలు,
గుప్పెడుకి కొంచెం ఎక్కువ.

మేమిద్దరం వాటిని అరచేతిలో పోసుకుని చూస్తుండగా
అటువైపు నుంచి గొంతు వినిపించింది,
తుప్పు పట్టిన గేటు తీసినట్టు.
"ఉప్పెక్కువైంది!"

కోళ్లు కూడా ఆగాయి.
అత్త లోపలికెళ్లింది.
మూత తీసిన చప్పుడు,
మొక్కజొన్న రొట్టె తుంచిన చప్పుడు,
చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
బయటికొచ్చి, కొంగుతో కాదు, ముంజేత్తో మూతి తుడుచుకుని
కంచె వైపు తిరిగి,
పదకొండేళ్ల ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.
"వేసింది నా కోడలు!"

నేను వెయ్యలేదు.
చిక్కుడు గింజలు నానబెట్టడానికి గిన్నె వెతుక్కుంటూ
అవునన్నట్టు తలూపాను.