పద్దులో ఆరు

ఓడ వచ్చిన రోజు
బియ్యం బస్తాలు, చేప డబ్బాలు, రెండు సైకిలు టైర్లు,
చీటీలో లేనిదొకటి: ఇనుప చక్రం.
"దీన్ని ఏ పద్దు కింద రాయను?"
నేయ్ బ్వేనాతా నవ్వలేదు. బడి పంతులమ్మ, నవ్వదు.
"బుట్ట అని రాయి. అడుగు లేని బుట్ట."
పాతికేళ్ళుగా సహకార దుకాణం గుమాస్తాని,
అడుగు లేని బుట్టకి ఖరీదు కట్టడం అదే మొదలు.

కొబ్బరి మాను పాతి దాన్ని బిగించారు.
ఆరు నెలలకి వేలితో తాకితే పొరలు పొరలుగా రాలింది.
ఈ కిరిబాస్ దీవుల్లో మేం ఉప్పు తిన్నదాని కన్నా
ఉప్పు మమ్మల్ని తిన్నదే ఎక్కువ.
తలుపు బందులు, సైకిలు గొలుసు, రేడియో లోపలి తీగలు,
ఇప్పుడు బుట్ట అంచు.
రెండోది తెప్పించారు. మూడోదానికి గ్రీజు పూశారు.
వల మాత్రం మాదే. ముసలి కిమోవా
చిరిగిన చేపలవల ముక్కకి ముళ్ళేసి ఇచ్చాడు,
"పడ్డదాన్ని వెంటనే వదిలేసే వల
నా జన్మలో ఇదొక్కటే" అంటూ.

నేల సంగతి చెప్పాలి.
పగడపు పలుకుల నేల. బంతి కొడితే ఎటు లేస్తుందో
పాస్టరుగారి దేవుడిక్కూడా తెలీదు.
చేతికనుకుంటే మోకాలికి,
మోకాలికనుకుంటే పందుల దొడ్లోకి.
ఒకసారి ఉప్పుమడుగులో కొట్టుకుపోతే
నాలుగో రోజు అవతలి దీవి పిల్లాడు పడవలో తెచ్చి ఇచ్చాడు.
ఇచ్చి వెళ్ళలేదు, చీకటి పడేదాకా ఆడాడు.

గడియారం లేదు.
ఆటుకీ పోటుకీ మధ్యే మా ఆట.
నీళ్ళు సున్నపు గీత దాటాయా, ఎవరు గెలుస్తున్నా ఈలే.
పున్నమి పోటుకి కోర్టంతా మునిగేది.
తెల్లారి మళ్ళీ గీత గీసేవాళ్ళు,
కొంచెం లోపలికి.
ఏడేళ్ళలో ఎంత లోపలికి జరిగిందో నా పుస్తకంలో ఉంది.
కూడలేదు. కూడదలుచుకోలేదు.

దీవుల పోటీలకి పన్నెండుమంది ఆడపిల్లలు వెళ్ళారు,
బూట్లలో కాలు పెట్టడం అదే మొదటిసారి.
రేడియోలో గరగరల మధ్య విన్నాను:
తొంభై ఒకటి, ఆరు.
ఆ ఆరు మావి.

తిరిగొచ్చిన రాత్రి మనేబాలో చాపల మీద
ఊరంతా కూచుంది. ఎవరూ నోరు మెదపలేదు.
చివరికి కిమోవా అడిగాడు, "అక్కడి బంతి బరువా?"
కాబిరి తల ఊపింది.
"కాదు తాతా. నేల చెక్క. నూనె రాసినట్టు నున్నన.
బంతి ఎక్కడ కొడితే అక్కడికే లేస్తుంది.
ఎటో పోతుందని మా చేతులు ముందే అటు పోయేవి.
అదేమో బుద్ధిగా వచ్చి నిలబడేది,
మా చేతులు లేనిచోట."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ.
బ్వేనాతా కూడా, కొంగ అరిచినట్టు ఒక్కసారి.

"మరి ఆ ఆరూ?" అన్నాను, కలం పట్టుకుని.
మ్వాయెరేరే చెప్పింది, అందర్లోకీ చిన్నది:
"చివర్లో చెమటకి నేల తడిసింది.
బంతి వంకర పోయింది.
అప్పుడు మూడుసార్లు
ఇంటి దగ్గరున్నట్టే అనిపించింది."

మర్నాడు పుస్తకం తెరిచి
కిమోవా బాకీ బియ్యానికీ, పాస్టరుగారి కిరసనాయిలుకీ మధ్య
జమలో ఆరు వేశాను.
తొంభై ఒకటి వాళ్ళ పద్దు, వాళ్ళే రాసుకుంటారు.

సిరా ఆరకముందే బ్వేనాతా వచ్చి నిలబడింది.
"సిమెంటు. పద్నాలుగు బస్తాలు. అప్పు."
"కోర్టంతటికీ చాలదే?"
"సగానికే" అంది.
"మిగతా సగం అలాగే వంకరగా ఉండనీ."