దింపు

కవిటి దాటాక ఇసకదారిలో రెండు మైళ్ళు.
ఐదో తరగతి, పద్నాలుగుమంది.
లెక్కల పుస్తకాలు ఇంకా రాలేదు.
వరండా గోడమీద నిలువుగా ఒక గీత గీసి
తలా ఒక బొగ్గుముక్క ఇచ్చాను.
సంతోషం ఎక్కడుంటుందో చుక్క పెట్టండర్రా.

దుర్యోధన ఎగిరి
గీతకీ పైన, సున్నం పెచ్చూడిన చోట పెట్టాడు.
మిగతావాళ్ళూ అంతే, మునివేళ్ళ మీద.
కోపాన్ని కేదారి
తన ముక్కెత్తుకి సరిగ్గా కొలిచి పెట్టింది.
సిగ్గు కోసం ఎవడో తలుపు వెనక్కి పోయాడు.
దిగులు, నేలకి జానెడెత్తున,
చీమలు బారు కట్టే చోట.

ఇందులో వింతేముంది?
గుండె జారుతుంది, మనసు కుంగుతుంది,
పొంగిపోతాం, తేలిపోతాం,
దిగులులో దిగడం ఎలాగూ ఉంది.
మనం పుట్టకముందే ఎవరో
మాటలకి నిచ్చెన వేసి పోయారు.

ఊర్మిళ ఒక్కతీ
బల్ల లాక్కొచ్చి, ఎక్కి,
దిగులుని దూలం పక్కన పెట్టింది.
దిగి, కూచుని,
గోడా గచ్చూ కలిసే మూల
బొటనవేలంత సంతోషం.

"తిరగేసీసినావే!" దుర్యోధన నవ్వాడు.
"మా అయ్య దింపుకెల్తాడు గదండి.
పైనున్నంతసేపూ
మా యమ్మ పొయ్యెలిగించదు.
కాలు ఇసకలో ఆనాలి.
అప్పుడే కూడు."

ధబ్.
బడి వెనక తోటలో కాయ పడింది.
ధబ్. ఇంకోటి.
పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది పిల్ల.
కాయ పడే చప్పుడేదో, కానిదేదో
తొమ్మిదేళ్ళకే తెలుసు దానికి.

"మీది ఎక్కడండీ మాస్టారూ?"
బొగ్గు పట్టుకుని నిలబడ్డాను.
పైన వెతికాను, కింద వెతికాను.
నాది ఎడమపక్క.
మా అన్న చాప ఉండే మేర,
మోచెయ్యి చాపితే తగిలేంత.
గీతనుంచి జరిగి, జరిగి,
గుమ్మం దాకా వచ్చేశాను.
అక్కడితో గోడ అయిపోయింది.
రేపు చెప్తానన్నాను.

చప్పుళ్ళు ఆగాయి.
చెట్టు దిగిన పాదం
ఇసకలో ఏ చప్పుడూ చెయ్యదు.
ఊర్మిళ పెదవులు కూడా ఆగాయి,
నూట ఆరు దగ్గర.
పద్నాలుగుమందీ కిటికీ వైపు.
నేనూ.

చాలాసేపటికి
తోట అవతలి ఇంటి చూరులోంచి
పొగ.
సన్నగా,
పైకి.