నూట ముప్పై రెండు

ముఖానికి రబ్బరు ముసుగు బిగించి
కదిలే పట్టా మీద నన్ను పరిగెత్తించింది బిర్గిత్.
మూడు నిమిషాలకోసారి వేగం పెంచుతూ
నా ఊపిరిని గొట్టంలోకి పట్టి లెక్క రాసుకుంది:
ఎంత చక్కెర, ఎంత కొవ్వు.

కాగితం మీద చిన్న గుట్టలా ఒక గీత.
కొవ్వు మండుతూ మండుతూ పైకెక్కి
గుండె నూట ముప్పై రెండు కొట్టే చోట కాసేపు కూర్చుని
అవతలికి జారిపోయింది.
నేను గొప్పగా పరిగెత్తాననుకున్న చోట
అది దాదాపు సున్నా.

"పది వారాలు. ఆ అంకె దాటకు," అన్నాడు ఎండెల్.
నవ్వాను.
డెబ్బై కిలోమీటర్ల మంచు పందెం నాది,
ఏటా నలభై దాటేసరికి కాళ్లు ఖాళీ.
"నీ కొవ్వు ఒంట్లో మండదు,
తలకెక్కి కూర్చుంది,"
అన్నాడు, తను మాత్రం నవ్వకుండా.

ఒతెపా కొండల్లో నవంబరు. మంచు ఇంకా పడలేదు.
బురద, కుళ్లిన బర్చ్ ఆకులు, నాలుగు కాకుండానే చీకటి.
ఎత్తు వస్తే చాలు, మణికట్టు మీద గడియారం కీచుమంటుంది:
నూట ముప్పై ఆరు. నూట నలభై.
ఆగుతాను. నడుస్తాను.
నా పక్కనుంచి లైనే అమ్మమ్మ,
డెబ్బై రెండేళ్లు, రెండు చేతికర్రలు,
వీపున బుట్టలో చివరి పుట్టగొడుగులు,
"ఒంట్లో బాగోలేదా పిల్లా?" అంటూ దాటిపోతుంది.

పరిగెత్తి పాలు తాగేవాళ్ల మధ్య
నిలబడి నీళ్లు తాగడం ఎంత సిగ్గో!
మొదటి వారం ఏడ్చాను.
రెండో వారం గడియారాన్ని జేబులో కుక్కి
దొంగలా ఒక గుట్ట ఎక్కేశాను.
ఆ రాత్రి ఆకలికి నల్లరొట్టె మొత్తం తినేశాను.
ఎండెల్ ఏమీ అడగలేదు,
ఖాళీ సంచిని మడిచి సొరుగులో పెట్టాడు.

శనివారం సౌనా.
చితుకులు వేశాడు. భగ్గుమన్నాయి, అంతే.
తర్వాత ఆల్డర్ మొద్దు.
అది అలిగినట్టు పడుంది, అంటుకోదు.
ఊదబోయాను.
"ఊదకు."
చెమటలో మాటల్లేకుండా కూర్చున్నాం.
మరిచిపోయిన తువ్వాలు కోసం అర్ధరాత్రి వెళితే
రాళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

అప్పట్నుంచి గడియారం కన్నా నోటినే నమ్మాను.
ఊపిరి తెగకుండా ఒక పూర్తి వాక్యం
చెప్పగలిగితే అదే నా వేగం.
పైన్ చెట్లకు మా అక్క మీద చాడీలు చెప్పాను,
కొనాల్సిన సరుకులు చెప్పాను,
చెప్పకూడనివి కొన్ని కూడా చెప్పాను.
చెట్లు తొందరపెట్టవు.

జనవరి. తొక్కిన మంచు మీద అదే గుట్ట.
ఎక్కుతున్నాను, నడవడం లేదు,
గడియారం ఎందుకో కీచుమనలేదు.
చచ్చిపోయిందేమోనని చూశాను:
నూట ముప్పై ఒకటి.

పైన లైనే లేదు.
రెండు కర్రల గుర్తులు మాత్రం
నాకంటే ముందే అటు దిగిపోయాయి.
ఒక పూర్తి వాక్యం పైకి అని చూశాను:
ఒంట్లో బాగానే ఉంది అమ్మమ్మా, మెల్లగా వస్తున్నాను.

ఇంకా ఊపిరి మిగిలింది.